పద్దెనిమిదో మాల

మాల వేసుకున్నాడంటే గోవర్ధన్‌కు ఇంట్లో ఆడవాళ్లంతా మాతలే. కట్టుకున్న పద్మ అయినా, కన్నకూతురు రాగిణి అయినా, గిన్నెలు తోమే కిష్టమ్మ అయినా ఒకటే పిలుపు. పద్మ కూడా ఆయన్ని "స్వామీ" అనాలి. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో పదిహేడు చలికాలాలు వాళ్లిద్దరూ ఇలా ఒకరినొకరు పరాయివాళ్లలా పిలుచుకుంటూనే గడిపారు. "మాతా, జర చాయ్ అయితదా?" అని ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగితే మొదట్లో ఆమెకు నవ్వు ఆగేది కాదు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

ఈసారిది పద్దెనిమిదో మాల. పద్దెనిమిదో ఏడు అయ్యప్ప కొండకు కొబ్బరి మొక్క మోసుకుపోవాలి. ఆ ఒక్కటీ అయితే గోవర్ధన్ గురుస్వామి అవుతాడు. తన చేతులతో ఇంకొకరి మెడలో మాల వేసే అర్హత వస్తుంది. చిక్కడపల్లిలో వాళ్ల ఫ్లాటు బాల్కనీలో, నల్ల ప్లాస్టిక్ కవరులో, దీపావళికి ముందే ఆ మొక్క వచ్చి కూర్చుంది. దానికి నీళ్లు ఆయనే పోసేవాడు. పద్మ చెంబు ఎత్తితే, "ఒద్దు మాతా, నేనున్న గద" అని లాక్కునేవాడు.

తొమ్మిదేళ్లుగా ఆయనకు షుగర్. దీక్షలో పగలు ఒక్క పూటే అన్నం, రాత్రికి ఇంత పలహారం. "తినేదే పూటెడు, దానికి రెండు గోలీలెందుకు?" అని తనకు తానే ఒక గోలీ తగ్గించుకున్నాడు. భజనల్లో బెల్లం పాయసం పెడితే మాత్రం ప్రసాదం కాదనకూడదు. రెండేళ్లుగా పాదాల్లో స్పర్శ సరిగా లేదు. మొన్న ఎండాకాలం ఎడమ కాలి చెప్పు నారాయణగూడ చౌరస్తాలో ఎక్కడో జారిపోతే ఇల్లు చేరేదాకా ఆయనకు తెలియనే లేదు. "ఒంటి చెప్పు పెండ్లికొడుకొచ్చిండు" అని రాగిణి ఆ వారమంతా తండ్రిని ఏడిపించింది. ఆయనా నవ్వాడు. నవ్వాల్సిన సంగతి కాదని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆయనకు అశోక్ నగర్‌లో పాత పుస్తకాల దుకాణం. గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు వాడి వదిలేసిన గైడ్లు, మోడల్ పేపర్లు కొని, కట్టలు కట్టి అమ్మేవాడు. దుకాణమంతా కాగితాలు, దారాలు, ఊడిపడిన స్టాప్లర్ పిన్నులు. దీక్షలో చెప్పులు వేసుకోకూడదు. ఆ నేల మీద ఆయన నలభై ఒక్క రోజులు ఉత్తకాళ్లతో తిరుగుతాడు.

డిసెంబరు రెండో వారం, దీక్ష ఇరవై నాలుగో రోజున రాగిణి బయట చేరింది. ఆ రోజుల్లో ఆడపిల్ల స్వామి ఉన్న ఇంట్లో ఉండకూడదు కనుక ఎప్పటిలాగే నల్లకుంటలో పెద్దమ్మ ఇంటికి పోవాలి. మైక్రోబయాలజీ రికార్డులు సంచిలో సర్దుకుంటూ తల్లి మీద విసుక్కుంది.

"మా ల్యాబుల ఉన్న పురుగుల కంటే నేనే మైలనానే?"

"లొల్లి పెట్టకు. ఐదు దినాలే గద."

"ఐదు దినాలంటే మా పురుగులు ఊరికి ఊరే కట్టుకుంటయి" అంది రాగిణి, సంచి భుజాన వేసుకుంటూ.

ఆ సాయంత్రమే పద్మ నేల మీద మరకలు చూసింది. పూజ గదిలోంచి బాల్కనీ దాకా, అడుగుకొకటి, రూపాయి బిళ్లంత. మధ్యలో పసుపు, అంచున ఎరుపు. కుంకుమ నీళ్లు తొక్కి నడిచాడేమో అనుకుని తడిబట్ట పెట్టి తుడిచేసింది. తుడుస్తుంటే వేలికి జిగురు తగిలింది. కుంకుమ నీళ్లు జిగురుగా ఉండవు. ఆ మాట మనసులోకి వచ్చింది, అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి, అటు పరుగెత్తింది.

ఇరవై ఆరో రోజు సాయంత్రం పూజ అయ్యాక, ఎప్పటిలాగే పద్మ వంగి స్వామి పాదాలకు నమస్కారం చేసింది. కుడి పాదం డిసెంబరు గచ్చులా చల్లగా ఉంది. ఎడమ పాదం మీద చెయ్యి వేసి ఆగిపోయింది. అప్పుడే దించిన గిన్నె పట్టుకున్నట్టుంది.

"స్వామీ, ఈ కాలు కాలుతున్నదేంది?"

"దీపం దగ్గర కూసున్న గద."

"రెండు కాళ్లూ దీపం దగ్గరనే ఉన్నయి."

"ఏంగాదు మాతా. నొప్పి గిట్ల లేదు."

నిజమే, ఆయనకు నొప్పి లేదు. ఎప్పుడు తొక్కాడో తెలియదు, ఏది గుచ్చుకుందో తెలియదు. మడమ కింద కందిగింజంత రంధ్రం, చుట్టూ తెల్లగా నానిపోయిన తోలు. ఇంత పసుపు అద్ది, పైన విభూతి రాసి ఊరుకున్నాడు. "నొప్పి లేనిది దెబ్బెట్లయితది?" అన్నాడు. నొప్పి లేదంటే మంచిదే కదా అనుకుంది పద్మ. ఆ మాట పట్టుకుని ఒక రోజు గడిచింది.

మర్నాడు పూజ గదిలో కర్పూరం వాసన కింద ఇంకో వాసన వచ్చింది. ముందు పూలు కుళ్లాయేమో అనుకుని పటాలకు వేసిన దండలన్నీ తీసి పారేసింది. వాసన పోలేదు. ఆయన లేచి హాల్లోకి వెళ్తే వాసన హాల్లోకి వెళ్లింది. బాల్కనీలో మొక్కకు నీళ్లు పోస్తుంటే బాల్కనీలోకి వచ్చింది. కిష్టమ్మ గిన్నెలు తోముతూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఎలుక గిట్ల సచ్చిందా అమ్మా?" అని అడిగింది. "ఏమో, చూస్త" అంది పద్మ. సోఫాలు జరిపి చూసింది కూడా. ఎలుక లేదని ఆమెకు తెలుసు.

"డాక్టరుకు చూపిద్దాం స్వామీ" అంటే ఆయన మండిపడ్డాడు.

"డాక్టరు ఏమంటడు? పండవెడ్తడు. మాల తియ్యమంటడు. పదిహేడేండ్లు పోయినట్టే గద? ఇంక పద్నాలుగు దినాలు మాతా. కొండ దిగినంక నువ్వు ఏ దవాఖానకు రమ్మంటే ఆ దవాఖానకు వస్త."

ఇరవై ఎనిమిదో రోజు భజనలో ఆయనకు వణుకు వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు దేవుడు పూనాడనుకుని శరణుఘోష పెంచారు. పళ్లు టకటక కొట్టుకుంటుంటే పద్మ మాత్రం పాదాన్నే చూస్తోంది. విభూతి రాసిన మడమ పైన చీలమండ గుండ్రంగా, నున్నగా ఉబ్బి ఉంది. ఇంటికి వస్తూ మెడికల్ షాపులో జ్వరం గోలీలు కొనుక్కున్నాడు. చెమట పట్టి జ్వరం దిగింది. "చూసినవా, నేను చెప్పలే?" అన్నాడు. ఆమె తలూపింది. ఊపుతూనే తనను తాను అసహ్యించుకుంది. గట్టిగా చెప్పి మాల తీయిస్తే ఆ పాపం ఎవరిది? కొండకు పోలేకపోతే జీవితమంతా ఎవరిని అంటాడు? ఈ రెండు ప్రశ్నల మధ్య ఇంకో రోజు పోయింది.

ఇరవై తొమ్మిదో రోజు రాగిణి తలంటు పోసుకుని ఇంటికి వచ్చింది. గుమ్మంలో సంచి దించకముందే ఆగిపోయింది.

"అమ్మా, ఏందీ వాసన?"

రాగిణి పూజ గదిలోకి నడిచి, తండ్రి ఎదుట కూర్చుని, "స్వామీ, పాదం చూపెట్టండి" అంది. అంత మెత్తగా అడిగేసరికి ఆయన కాదనలేకపోయాడు. ఆ అమ్మాయి తడిబట్టతో విభూతి తుడిచింది. కింద తోలు ఎర్రగా లేదు. నేరేడు పండు రంగులో ఉంది. చీలమండ పైన ఎరుపు మొదలై పిక్క వైపు పాకుతోంది. రాగిణి వేలితో మెల్లగా నొక్కి, గబుక్కున చెయ్యి వెనక్కు తీసుకుంది. పద్మ కూడా నొక్కి చూసింది. తోలు కింద ఇసుక నలిగినట్టు కరకరమంది.

రాగిణి లేచి, బాల్ పెన్ను తెచ్చి, ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కాలి చుట్టూ గీత గీసింది. పక్కన టైము రాసింది. సాయంత్రం నాలుగున్నర.

"గిదేం ఆటనే?" అన్నాడు గోవర్ధన్.

"ఆట కాదు స్వామీ. ఇప్పుడే దవాఖానకు పోదాం."

"ఇంక పన్నెండు దినాలే బిడ్డా." మాల వేసుకున్నాక కూతురిని బిడ్డా అనడం అదే మొదటిసారి. అన్నట్టు కూడా ఆయనకు తెలియలేదు. "అయ్యప్పే చూసుకుంటడు. పొండి, పూజ టైమయింది."

వంటింట్లో రాగిణి తల్లి చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించి చెప్పింది. "లోపల మా ల్యాబుల పురుగులసొంటివి పెరుగుతున్నయమ్మా. ఇరవై నిమిషాలకు ఒకటి రెండయితది. రెండు నాలుగయితయి. ఊరికే ఉండవు. కండను కరగదీస్తయి, కరిగిన కండనే తింటయి. ఆ కరకరమన్నది చూసినవా? అవి ఇడిసే గ్యాసు. వాటి విషం నెత్తురుల కలిసిందంటే కాలుతోని ఆగదు. కిడ్నీలు, గుండె..."

పద్మ పొయ్యి పక్కనున్న పెరుగు గిన్నె వైపు చూసింది. చలికాలం పెరుగు తోడుకోదని ఆ గిన్నెకు బట్ట చుట్టి, వెచ్చని చోట పెట్టడం ఆమెకు అలవాటు. చెంచాడు తోడు వేసి వెచ్చగా ఉంచితే చాలు, తెల్లారేసరికి గిన్నెడు పాలూ తమ రూపం పోగొట్టుకుంటాయి. ఎన్ని వేలసార్లు ఈ చేతులతో చేసిందో. ఆ పాదం ఎంత వెచ్చగా ఉందో మూడు రోజుల కిందటే ఈ చేతులకు తెలుసు.

ముప్పయ్యో రోజు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి ఆయన లేవలేదు. ఎప్పుడూ లేనిది చాప మీదే పడుకుని ఉన్నాడు. పద్మ దీపం తెచ్చి చూసింది. నిన్నటి గీత అలాగే ఉంది. ఎరుపు దాన్ని దాటి నాలుగు వేళ్లు పైకి పోయి, మోకాలి కింద నిలబడింది. మడమ పైన నల్లటి నీటి పొక్కు ఒకటి లేచింది. ఆయన కళ్లు తెరిచి ఆమెను చూసి, "అమ్మా, బడికి ఆలస్యమయితున్నదే" అన్నాడు. వాళ్లమ్మ పోయి పదకొండేళ్లయింది.

అంబులెన్సుకు ఫోన్ చేయమని రాగిణికి చెప్పింది. ఆ మాట ఆయన చెవిన పడింది. ఒక్కసారిగా తెలివి వచ్చినట్టు లేచి కూర్చుని, మాలను రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. "మాల మీద చెయ్యేస్తే నా మీద ఒట్టే. మెడల మాలుండంగ దవాఖానల అడుగు పెట్టను. మోసుకపోతే అంబులెన్సులకెల్లి దుంకుత." దుంకేటట్టే ఉన్నాడు.

మాల తీయగలిగినవాళ్లు ఇద్దరే. కన్నతల్లి, గురుస్వామి. తల్లి లేదు. దీక్ష మధ్యలో మాల తీయించే కారణమూ ఒకటే. ఇంటి పేరువాళ్లలో ఎవరైనా చనిపోవాలి. సూతకం ఉన్న ఒంటి మీద మాల ఉండకూడదు. అప్పుడు దేవుడూ తప్పు పట్టడు, మనిషీ తప్పు పట్టడు.

పద్మ ఇంట్లో ఉన్న చీర మీదనే మెట్లు దిగింది. గురుస్వామి జగన్మోహన్ ఇల్లు రెండు సందుల అవతల. రిటైరైన హెడ్మాస్టరు. ఈ పదిహేడేళ్లూ గోవర్ధన్ మెడలో మాల వేసింది ఆయనే. ఎవరిని చంపాలి? నడుస్తూ ఇంటిపేరువాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంది. చిన్నపిల్లలున్నవాళ్ల పేరు నోటికి రాలేదు. జబ్బుతో ఉన్నవాళ్ల పేరు అసలే రాలేదు. అన్నమాట నిజమైతే? జనగామలో ఉన్న విఠల్ గుర్తొచ్చాడు, గోవర్ధన్‌కు బాబాయి, తనకు చిన్నమామ. ఎనభై ఏళ్లు. ఇప్పటికీ జామచెట్టెక్కి కాయలు కోస్తాడు. మనవలందరి పెళ్లిళ్లూ అయ్యాయి. ఆయన మీద మనసు నిలిచింది. 'నన్ను క్షమించు మామా' అనుకుంటూ గేటు తీసింది.

జగన్మోహన్ గంధం తీస్తున్నాడు.

"స్వామీ, మా చిన్నమామ పోయిండు. జనగామల. పొద్దున ఫోనొచ్చింది." "మాల తియ్యాలె. మీరు జర రావాలె."

ఆయన గంధపు చెక్క పక్కన పెట్టాడు. కళ్లద్దాల్లోంచి ఆమెను చాలాసేపు చూశాడు. మొన్న భజనలో గోవర్ధన్ పాదాలకు ఈయనా నమస్కరించాడు. దండం పెట్టి లేచాక చేతులు ముక్కు దగ్గరకు పోనివ్వకుండా దూరంగా పట్టుకుని నడవడం పద్మ చూసింది.

"సూతకం నిజమేనా మాతా?"

"నిజమే స్వామీ."

"ఆయన పేరు?"

"విఠల్."

"మంచిది" అన్నాడు ఆయన. ఎప్పుడు పోయాడు, ఏమయింది అని అడగలేదు. చెప్పుల్లేని కాళ్లతో ఆమె కంటే ముందే సందులో నడిచాడు.

రాగిణి అంబులెన్సు కోసం కిందికి దిగింది. గోవర్ధన్ కళ్లు మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. "బాబాయా?" అన్నాడు ఒక్కసారి. "మొన్న నాతోని మాట్లాడె గద..." జగన్మోహన్ మంత్రం చదువుతూ ఆయన మెడలోంచి మాల ఎత్తాడు. ఎత్తుతుంటే గోవర్ధన్ బాల్కనీ వైపు చూశాడు. కొబ్బరి మొక్క అక్కడే ఉంది. ఆయన ఏడవలేదు. ఆ చూపు కన్నా ఏడిస్తేనే బాగుండుననిపించింది పద్మకు.

నారాయణగూడ వైపున్న ఆసుపత్రిలో డాక్టర్ సంయుక్త కాలి మీది పెన్ను గీతను చూసి, "ఇదెవరు గీసిండ్రు?" అని అడిగింది. రాగిణి చెయ్యెత్తింది. "మంచి పని చేసినవ్" అంది డాక్టరు. ఆ తర్వాత చాలాసేపు మంచి మాట ఏదీ చెప్పలేదు. మడమ కోసి శుభ్రం చేస్తే లోపల ఒక స్టాప్లర్ పిన్ను దొరికింది. చిన్న స్టీలు గిన్నెలో వేసి చూపించారు. సగం విరిగి, తుప్పు పట్టి, కనుబొమ్మ వెంట్రుకంత ఉంది.

"ఇది చేసింది దారి మాత్రమేనమ్మా" అంది డాక్టరు. "దీని వెంట లోపలికి పోయినవి మిగతాదంతా చేసినయి. షుగర్ ఉన్న నెత్తురు వాటికి తిండి. నొప్పి లేకపాయె, కాబట్టి ఈయన రోజూ దాని మీదనే నడిచి వాటిని ఇంకా లోపలికి తొక్కిండు. ఇప్పుడు పాదంల కండ చచ్చిపోయింది. వాటి విషం నెత్తురుల తిరుగుతున్నది. బీపీ పడిపోతున్నది, మూత్రం రావట్లే."

"మందులు..."

"ఇస్తున్నం. కానీ మందు నెత్తురుతోనే పోవాలె. చచ్చిన కండకు నెత్తురు పోదు. అక్కడ అవి నిమ్మళంగ కూసొని పెరుగుతుంటయి. ఆ భాగం తీసేయకపోతే మనిషి దక్కడు."

"ఎక్కడిదాకా?"

డాక్టరు మాటల్లో చెప్పలేదు. తన కాలి మీదే, మోకాలి కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "నాలుగు రోజుల ముందు తీసుకొస్తే ఒక వేలో, మడమల ఇంత ముక్కో" అని మొదలుపెట్టి, పద్మ ముఖం చూసి ఆపేసింది.

నాలుగు రోజులు. చెయ్యి పాదం మీద ఆగిపోయిన సాయంత్రం నుంచి లెక్క.

సంతకం పెట్టింది. ఆ తర్వాత మూడు రోజులు ఆయన బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేదు. గాజు తలుపు అవతల గొట్టాల మధ్య ఆ ఒళ్లు ఉబ్బి, పసుపుబారి, ఎవరిదో అన్నట్టుండేది. కాలు తీసేసినా లోపలికి పోయిన విషం తన పని తాను చేస్తూనే ఉందని రాగిణి చెప్పింది. నాలుగో రోజు మూత్రం వచ్చింది. నర్సు ఆ మాట చెబితే పద్మ ఎంత వచ్చిందని రెండుసార్లు అడిగింది. ఆరో రోజు వార్డులోకి మార్చారు.

తెలివి వచ్చాక గోవర్ధన్ కాలు గురించి ఎవరినీ అడగలేదు. దుప్పటి ఎడమ వైపు మోకాలి కింద పరుపుకు అంటుకుని ఉండడం చూశాడు, తల తిప్పుకున్నాడు. ఒక్కటే అడిగాడు. "బాబాయి దినాలు ఎప్పుడు?"

"తర్వాత చూద్దాం" అంది పద్మ. నిజం చెప్పడానికి నోరు తెరిచి మూసుకుంది. లేచి తిరిగేదాకా ఆగుదామనుకుంది. ఆగడం తనకు బాగా వచ్చిన విద్య.

కాని రాగిణి బంధువులందరికీ ఆపరేషన్ సంగతి ఫోన్ చేసి చెప్పింది. ఎవరికి చెప్పకూడదో పద్మ ఆమెకు చెప్పడం మరిచిపోయింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వార్డు తలుపు తోసుకుని, భుజాన తువ్వాలు, చేతిలో జామకాయల సంచి పట్టుకుని విఠల్ బాబాయి లోపలికి వచ్చాడు.

"ఎట్లున్నవ్ బిడ్డా? ఏందిరా ఈ కథ? నాకొక్క మాట చెప్పకపోతిరి!"

పద్మ చేతిలోని గ్లాసు అలాగే ఉండిపోయింది. గోవర్ధన్ బాబాయిని తల నుంచి పాదాల దాకా చూశాడు. రెండు పాదాలూ, దుమ్ము పట్టిన చెప్పుల్లో. తర్వాత పద్మను చూశాడు. ఆమె తల దించుకోలేదు. ఇంక దించుకుని లాభం లేదు. అరుస్తాడేమో, మొహం గోడకు తిప్పుకుంటాడేమో, ఏదైనా సరే అనుకుంది. ఆయన చూపు మెల్లగా దుప్పటి మీదికి, అది అణిగిపోయిన చోటికి పోయింది. అక్కడే చాలాసేపు ఆగింది.

"పద్మా" అన్నాడు.

ఆ పిలుపు విని నెల దాటింది.

"ఇంకో నాలుగు దినాలు ముంగట చంపకపోయినవా ఈయనను?"

"ఎవర్నిరా?" అన్నాడు విఠల్ బాబాయి, సంచి విప్పుతూ. ఆయన మంచి కాయ ఏరి, తువ్వాలుతో తుడిచి, పద్మ చేతిలో పెట్టాడు. షుగర్ ఉన్నవాళ్లు దోరకాయ తినొచ్చట అన్నాడు.

సాయంత్రం ఆరయింది. ఆ వేళకు పద్మ నడుము దానంతటదే వంగుతుంది. మంచం చివర నిలబడి దుప్పటి ఎత్తి, మిగిలిన కుడి పాదం మీద అరచెయ్యి ఆనించింది. మడమ, అరికాలు, వేళ్ల సందులు, ఒక్కొక్కటే తడిమింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. గోవర్ధన్ కళ్లు మూసుకునే, "ఎట్లున్నది?" అని అడిగాడు.

"చల్లగనే ఉన్నది" అంది. చెయ్యి మాత్రం తీయలేదు.